తూకానికి ముందు

మిర్చి యార్డులో మా నాన్న ఏసుపాదం
ముప్పై ఏళ్లు కాటా దగ్గర నిలబడ్డాడు.
ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టేవాడు.
"ఊపిరీ బరువేనే పిల్లా" అనేవాడు.
ఆ ఘాటులో తుమ్ము మాత్రం ఆగేది కాదు,
ముల్లు మళ్లీ మొదటికొచ్చేది.

తేమ చూడ్డానికి వచ్చిన షావుకారు
టిక్కీలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి
ఓ కాయ లాగి విరిచేవాడు.
టప్పుమంటే ఎండినట్టు.
మెత్తగా వంగితే ధర పడినట్టు.
విరిగిన కాయ మళ్లీ టిక్కీలోకి పోదు.
చూసినందుకు ఖర్చు అది.

పందొమ్మిదేళ్లుగా క్లాసులో నేను చెప్పింది ఈ కాయ కథే,
బ్రాడీపేటలో, ఫ్యాను కిర్రుమనే రెండో అంతస్తులో.
ఎలక్ట్రాన్ ఎక్కడుందో చూడాలంటే వెలుగు పడాలి,
వెలుగు తగిలితే అది ఉలిక్కిపడుతుంది,
ఉలిక్కిపడ్డదాని వేగం మనకి దక్కదు.
రాసుకోండి. అయిదు మార్కులు.

పోయిన బుధవారం
చివరి బెంచీలోంచి మస్తాన్‌బీ లేచింది.
"విరవకముందు కూడా కాయలో
ఎంత తేమ ఉందో అంత ఉందిగా మేడమ్?
మనకి తెలీదు, అంతేగా.
ఎలక్ట్రాన్‌కైనా అంతేనా?"

సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది.
గంట కొట్టారు.
గంట నన్ను కాపాడిందని ఆ పిల్లకి తెలుసు.

బయట వాన. మూడు వంతెనల కింద
ఎప్పట్లాగే మోకాటి లోతు నీళ్లు.
చెప్పులు చేత్తో పట్టుకుని గోడవారన నిలబడ్డాను.
ఒక ఆటో మొండిగా దూసుకెళ్లింది.
దాని వెనక ఒకే ఒక్క అల, లావుపాటిది,
వచ్చి నా మోకాళ్లని కొట్టింది.
ఎక్కడుందంటే చెప్పగలను. ఇదిగో, ఇక్కడే, చీర తడిసిన చోట.
దాని తరంగదైర్ఘ్యం ఎంత అంటే?
ఒంటరి అలకి దైర్ఘ్యమేంటి,
పక్కన ఇంకోటి ఉంటేగా జాన పెట్టి కొలవడానికి.

కాసేపటికి మున్సిపాలిటీవాళ్లు మోటారు దించారు.
అది వణికినంతసేపూ నీళ్లన్నీ ముడతలు,
ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే కొలతలో,
ముడతకీ ముడతకీ మధ్య సరిగ్గా బెత్తెడు.
బెత్తెడు, సందేహం లేదు.
మరి ఎక్కడుంది ఆ అల?
ఇక్కడా, అక్కడా, ఆ ఆగిపోయిన బైకు కిందా.

ఎవరూ చెయ్యి దూర్చలేదు.
ఎవరూ ఏదీ విరవలేదు.
చోటు చెప్పే అలకి దైర్ఘ్యం లేదు,
దైర్ఘ్యం చెప్పే అలకి చోటు లేదు.
నీళ్లు నా దగ్గర ఏమీ దాచలేదు.
నాకు తెలియకపోవడం కాదది,
అక్కడ లేకపోవడం.
ఎలక్ట్రాన్ వేగం కూడా
దాని అల ముడతల్లోనే రాసుంటుందని
పందొమ్మిదేళ్లుగా వేరే చాప్టర్లో చెబుతూనే ఉన్నాను.
రెండు చాప్టర్లనీ ఎన్నడూ ఒకచోట కూర్చోబెట్టలేదు.

రాత్రి నాన్నకి చెప్పాను.
ఆయన అంతా విని, "ముల్లు ఊగేటప్పుడు
బరువెంతా అని అడిగే తొందరగాళ్లు మాకూ ఉండేవాళ్లు" అన్నాడు.
అది కాదు నాన్నా అన్నాను.
ముల్లు ఊగినా టిక్కీ బరువు టిక్కీకి ఉంది.
"మరి మీ దాని సంగతి?"
రెండు కొలతల తడబాటూ కలిపి గుణిస్తే
ఒక హద్దు ఉంది. సమానం అని రాయం,
అంతకు తక్కువ కాదు అని రాస్తాం.
"ఓహో, ఇంతకు పైసా తగ్గదంటాడా" అని నవ్వాడు నాన్న.
"గట్టి బేరగాడే. కాటా ఎంత నిక్కచ్చిదైనా?"
ఎంత నిక్కచ్చిదైనా.

గురువారం బోర్డు మీద నీళ్లు గీశాను.
చేతనైనట్టు రెండు వంతెనలు కూడా, మూడోదానికి చోటు చాల్లేదు.
వెలుగు తగిలితే ఉలిక్కిపడటం అబద్ధం కాదన్నాను,
కానీ కథ అక్కడ మొదలవలేదన్నాను.
మస్తాన్‌బీ చాలాసేపు రాసుకుని తలెత్తింది.
"పరీక్షలో ఏది రాయాలి మేడమ్?"
కాయ కథే రాయి, దిద్దేవాళ్లకి అదే తెలుసు, అన్నాను.

మొన్నటిదాకా
ఆ దిద్దేవాళ్లలో నేనూ ఉన్నాను.